ట్రిలియం గింజలు మొలకెత్తడం లేదు, ఎవరికైనా వచ్చాయా?

రెడ్‌మండ్_వాణి: పోయిన జూలైలో పక్కింటివాళ్లు వెస్టర్న్ ట్రిలియం (అమెరికా వాయవ్య అడవుల్లో పెరిగే మూడాకుల పూల మొక్క) గింజలు ఇస్తే కుండీలో వేశాను. ఏప్రిల్ దాటింది, ఒక్క మొలక లేదు. నీళ్లు ఎక్కువయ్యాయా? ఎరువు వేయాలా? ఎండలో పెట్టాలా?

పోర్ట్‌లాండ్_మాధవి: వాణి గారూ, దయచేసి కుండీ పారబోయకండి! దీనికి రెండు చలికాలాలు కావాలి. మొదటి చలి తర్వాత మట్టిలోపల వేరు మాత్రమే వస్తుంది, ఆకు బయటికొచ్చేది రెండో చలి దాటాకే. అదీ ఒకే ఒక్క ఆకు. పువ్వుకి ఇంకా చాలా ఏళ్లు ఆగాలి. ఏమీ లేదనుకుని నా మొదటి కుండీ పారబోశాను, ఇప్పటికీ బాధే.

గుంటూరు_అబ్బాయి: మా అమ్మ ట్రయిల్‌లో ఆ మూడాకులు చూసి, మారేడు దళంలా ఉందని శివుడికి పెడదామని పువ్వుతో సహా తుంచింది. దారిలో ఒకావిడ గట్టిగా కేకలేసింది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఒక్క పువ్వుకి అంత కోపమా?

కొండల్: కోపం న్యాయమే తమ్ముడూ. ఆ కాడకి ఉండేవే మూడాకులు. ఏడాదికి సరిపడా తిండి వాటితోనే చేసుకుని దుంపలో దాచుకుంటుంది. తుంచితే చచ్చిపోతుంది.

ఇసాక్వా_ప్రసాద్: చచ్చిపోదండీ. మా పెరట్లో జింకలు మొదలంటా కొరికేశాయి. మరుసటి ఏడు చిన్న ఆకులతో వచ్చింది, రెండేళ్లు పూయలేదు, అంతే.

కొండల్: ఒక్క మొక్క చూసి చెప్పకండి. నేను బాటనీ ఎమ్మెస్సీ. 1806లో అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ కొలంబియా నది దగ్గర సేకరించిన మొక్క ఇది, దీని గురించి చదవనిది లేదు.

ఇసాక్వా_ప్రసాద్: చదివారు సరే, నా కళ్లతో నేను చూసింది అబద్ధమా?

పోర్ట్‌లాండ్_మాధవి: ఇద్దరూ ఆగండి. చావకపోయినా ఏళ్ల తరబడి నీరసిస్తుంది, పార్కులో ఎలాగూ కోయకూడదు. కానీ అమ్మగారిని ఏమీ అనకండి. చిన్నప్పటి నుంచి పూజకి పత్రి కోసిన చేయి అది.

శైలజ_టకోమా: మాది తెల్లగా పూసి గులాబీ రంగుకి తిరిగింది. తెగులా?

కొండల్: కాదమ్మా, పువ్వు పాతబడితే అంతే. మీరు చీమల మందు మాత్రం కొట్టకండి. గింజకి అంటుకున్న కొవ్వు ముక్క కోసం గింజల్ని మోసుకెళ్లి నాటేది చీమలే.

శైలజ_టకోమా: అయ్యో, పోయిన వారమే కొట్టించాను.

రెడ్‌మండ్_వాణి: కుండీ ఉంచేశాను. ఎండా, నీడా?

ఇసాక్వా_ప్రసాద్: నీడే. ఫర్ చెట్ల కింద రాలిన ఆకు పైన పరిచి, తడి ఆరకుండా చూడండి.