కీత్ ట్రస్కాట్ ఎట్ల చనిపోయినాడు?

తుంగభద్రగట్టు (కర్నూలు): ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఆస్ట్రేలియా ఫైటర్ పైలట్ ట్రస్కాట్ గురించి చెప్పాల. ఏ విమానం ఎప్పుడు నడిపినాడు? శత్రువు కాల్చకుండానే ఎట్ల పోయినాడు?

గండికోట: 1916లో పుట్టినాడు. మెల్‌బోర్న్ జట్టుకు ఫుట్‌బాల్ ఆడినాడు, మన సాకర్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్. 1941లో ఇంగ్లండ్‌లో 452 స్క్వాడ్రన్ (యుద్ధవిమాన దళం), నడిపింది స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ ఫైటర్. 1942లో 76 స్క్వాడ్రన్, కిట్టీహాక్ అనే అమెరికన్ ఫైటర్. ఆగస్టు 27న న్యూగినీ మిల్న్ బేలో ఆ స్క్వాడ్రన్ కమాండర్ టర్న్‌బుల్ చనిపోతే పగ్గాలు ఈయనకొచ్చె. అక్కడ ఎక్కువ పని కిందికి దిగి నేల మీద, నీళ్ల మీద ఉన్నోళ్లపై దాడులే: రెక్కకు మూడు చొప్పున ఆరు 12.7 మి.మీ. మెషిన్‌గన్లతో జపాన్ దళాలను, పడవలను కాల్చడం. రన్‌వే ఇనుప పలకలు. వానకు వాటి మీద బురద, దిగితే జారుడు.

పెన్నఒడ్డు: 1943 మార్చి 28, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎక్స్‌మౌత్ గల్ఫ్. నీటి మీద దిగబోతున్న కాటలీనా (నీటి మీద దిగే సొంత పక్షం విమానం) మీద ఉత్తుత్తి దాడి చేస్తా ఎత్తు తప్పుగా అంచనా వేసి సముద్రాన్ని గుద్దినాడు. పొగరని కొట్టేయొద్దు. అల లేని నీరు అద్దమే, కంటికి ఆనవాలు దొరకదు. మన సుంకేసుల బ్యారేజీలో గాలి ఆడని పొద్దున చూడండి. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ది గాలి పీడనం లెక్క, వేగంగా దిగితే ముల్లు వెనకబడుతుంది. పైగా చూపు ముందున్న విమానం మీదే.

తుంగభద్రగట్టు: పతకాలు?

గండికోట: డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్), దానికి బార్, అంటే అదే పతకం రెండోసారి. రెండూ స్పిట్‌ఫైర్ కాలానివే.