రెండు టిన్ విజిల్స్ (లోహపు చిన్న పిల్లనగ్రోవులు) విజయవాడకి పంపాలి, ఎలా ప్యాక్ చేయాలి?

మలక్‌పేట విజిల్:
నా దగ్గర రెండు డి (డి శ్రుతి) విజిల్స్ అమ్మకానికి ఉన్నాయి. ఒకటి జనరేషన్ కంపెనీ ఇత్తడిది, ఇంకోటి క్లార్క్ కంపెనీది. విజయవాడ అబ్బాయి తీసుకుంటానన్నాడు. పోయినసారి బబుల్ కవర్‌లో చుట్టి కొరియర్‌లో పంపితే క్లార్క్ నొక్కుకుపోయి చేరింది. డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. అప్పటి నుంచీ పార్సిల్ అంటేనే టెన్షన్.

అమీర్‌పేట శ్రుతి:
క్లార్క్ రేకు పలుచన అండీ, నొక్కుకోక ఏం చేస్తుంది! హార్డ్‌వేర్ షాపులో ఒకటిన్నర ఇంచుల పీవీసీ పైపు అడుగున్నర ముక్కలు రెండు కోయించండి. నేను రాణిగంజ్‌లో తెచ్చుకుంటాను. ఒక్కో విజిల్‌ని పాత బనియన్ గుడ్డలో చుట్టి, ఎవరి పైపు వాళ్లకే. కదిపితే చప్పుడు రాకూడదు. పైపుకి రెండు వైపులా మూత పెట్టి టేపు వేయండి. అబిడ్స్ జీపీఓలో స్పీడ్ పోస్ట్ చేసి, రసీదు ఫొటో ఆయనకి పంపండి.

బన్సీలాల్‌పేట ఫ్లూట్:
పంపేముందు నోటి దగ్గర సబ్బునీళ్లతో కడగండి. జనరేషన్‌కి ప్లాస్టిక్ తల కదా, మరీ వేడినీళ్లు వద్దు, తలని అంటించిన జిగురు వదులుతుంది. పాత తరహా క్లార్క్‌కి లోపల చెక్క బిళ్ల ఉంటుంది, దాన్ని నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మలక్‌పేట విజిల్:
పైపు తెచ్చాను. షాపాయన "బోరింగ్‌కా సార్?" అన్నాడు. రేపు పోస్ట్ చేస్తాను.