కొత్త డాడ్జ్ చార్జర్ ముఖం మరీ బోసిగా ఉందా, లేక నాకే అలా అనిపిస్తోందా?

నల్లగ్రిల్:
డాడ్జ్ కొత్త ఎలక్ట్రిక్ కారు చార్జర్ డేటోనా ఫొటోలు వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతున్నా. పక్క నుంచి చూస్తే మనసు లాగేస్తోంది. ముందుకొచ్చి చూస్తే మాత్రం ఏదో తగ్గింది. 2023 డిసెంబర్‌తో తయారీ ఆగిపోయిన పాత చార్జర్ మొహంలో ఒక కోపం ఉండేది, కళ్లు చిట్లించి మన వైపే చూస్తున్నట్టు. ఇందులో ఈ చివర నుంచి ఆ చివరికి ఒక నల్ల పట్టీ, సన్నటి లైటు గీత, మధ్యలో వెలిగే మూడు కోణాల లోగో, అంతే. మజిల్ కార్ అంటే మంచి పవరున్న అమెరికన్ కారు, అద్దంలో కనబడితే చాలు, పక్కకి తప్పుకోవాలనిపించాలి కదా? ఎలక్ట్రిక్ మంచిదా చెడ్డదా అనే గొడవ ఇక్కడ వద్దు, డిజైన్ ఒక్కటే చెప్పండి.

రెండోతరం68:
బ్రో, నువ్వు బోసి అంటున్నదే నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చింది. ఒక్కసారి 1968 చార్జర్ ఫొటో పక్కన పెట్టుకుని చూడు. హెడ్‌లైట్లు కూడా కనబడవు, మూతల వెనక ఉంటాయి, ముందంతా లోపలికి దిగిన ఒకే ఒక్క నల్లటి గ్రిల్. దానికి కళ్లూ లేవు, కోపమూ లేదు, అయినా భయం వేస్తుంది.

కానీ ఆ ముఖంతో పెద్ద చిక్కు ఉండేది. లోతైన గ్రిల్‌లో గాలి చిక్కుకునేది, వెనక అద్దం కూడా రూఫ్ స్తంభాల మధ్య గుంటలా ఉండటంతో అక్కడ గాలి సుడి తిరిగేది. రేసుల్లో దాని వల్ల వెనకబడుతున్నారని 1969లో చార్జర్ 500 తెచ్చారు, గ్రిల్‌ని ముందుకు జరిపి, వెనక అద్దాన్ని రూఫ్‌తో సమం చేసి. అదీ చాలక అదే ఏడాది మొదటి చార్జర్ డేటోనా వచ్చింది: కోసుగా సాగిన ముక్కు, వెనక 23 అంగుళాల ఎత్తు రెక్క. 1970 మార్చిలో టల్లడేగా ట్రాక్ మీద రేసర్ బడ్డీ బేకర్ అలాంటి డేటోనాతోనే గంటకు 200 మైళ్లు దాటాడు. అంత వేగం కోసం అంత అందమైన ముఖాన్ని పూర్తిగా కప్పేయాల్సి వచ్చింది, చూడు.

ఇప్పుడు కొత్తదాని బానెట్ ముందంచు చూడు. అది బానెట్‌కి అతుక్కుని లేదు, విడిగా రెక్కలా ఉంది. ఆర్-వింగ్ అంటారు. ముందు నుంచి వచ్చిన గాలి దాని కింద నుంచి దూరి బానెట్ మీదుగా వెళ్లిపోతుంది. అందుకే ముఖం నిటారుగా, బల్లపరుపుగా 1968లో లాగే ఉండగలిగింది, గాలికీ దారి దొరికింది. యాభై ఏళ్ల కిందటి చిక్కుకి డిజైన్‌తోనే జవాబు చెప్పారు, నాకు ఇంతకంటే ఏం కావాలి? 2008లో వచ్చిన డాడ్జ్ చాలెంజర్ అంటే నాకూ ఇష్టమే, కానీ అది 1970 చాలెంజర్‌ని చూసి గీసినట్టు ఉంటుంది. ఇది అలా కాదు, పాత కారు ఎందుకు బాగుందో అర్థం చేసుకుని గీశారు. పైగా రెండు డోర్ల చార్జర్ మళ్లీ వచ్చింది! 2006లో ఆ పేరు నాలుగు డోర్ల కారుకి పెట్టినప్పుడు పాత అభిమానులు ఎంత బాధపడ్డారో గుర్తుంది కదా.

నేరుగా ముందు నుంచి తీసిన ఫొటోలు చూడకు, వాటిలో ఆ రెక్క కింది సందు కనబడదు. కొంచెం పై నుంచి, ఏటవాలుగా తీసినవి చూడు.

వీల్‌బేస్:
ముందు భాగం గురించి రెండోతరం గారు చెప్పింది ఒప్పుకుంటా, ఆర్-వింగ్ నిజంగా గొప్ప ఆలోచన. నాకు సమస్య పక్క భాగంతోనే. నల్లగ్రిల్ గారికి అదే నచ్చిందంటున్నారు, నేను మాత్రం అక్కడే ఆగిపోతున్నా. 1968 కారుకి నడుము ఉంది. డోర్ల దగ్గర సన్నబడి వెనక చక్రం మీద మళ్లీ ఉబ్బుతుంది, కోక్ సీసా ఆకారం అనేది అందుకే. కొత్తదానిలో డోర్లు పలకల్లా ఉన్నాయి. నేల కింద బ్యాటరీ ఉన్నాక బాడీ మందం పెరగక తప్పదు, అది తెలియకుండా ఉండాలనే కింద అంచంతా నల్లగా చేశారు. లేత రంగు కారు ఫొటో చూడండి, ఆ నల్ల పట్టీ ఎంత పని చేస్తోందో తెలిసిపోతుంది. పొడవు 5.2 మీటర్ల పైన, ఎక్కువ పవరున్న స్కాట్ ప్యాక్ వెర్షన్ బరువు 2,600 కిలోల పైన. ఫొటోలో ఈ సైజు తెలియదు, పక్కన మనిషి నిలబడితే తెలుస్తుంది.

ఫాస్ట్‌బ్యాక్:
వెనక డిక్కీ కాదు, అద్దంతో సహా పైకి లేచే హ్యాచ్ అని ఎవరూ చెప్పలేదేంటి? బయటి నుంచి చూస్తే అస్సలు తెలియదు. అంత శుభ్రంగా దాచారు, నాకు అది చాలా నచ్చింది.

సిక్స్‌ప్యాక్550:
నా బాధ వేరే. ఇదే బాడీలో 3.0 లీటర్ ట్విన్ టర్బో ఇన్‌లైన్ సిక్స్ (ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్) పెట్టిన సిక్స్‌ప్యాక్ వెర్షన్‌కి ఆ ఆర్-వింగ్ లేదు! ఉబ్బెత్తు బానెట్ ఇచ్చారు. లోపల ఇంజిన్ ఉంది, చోటు కావాలి, అర్థమైంది. కానీ డిజైన్ మొత్తంలో గొప్ప ముక్క ఎలక్ట్రిక్ దానికే పోయింది, 550 హార్స్‌పవర్ వెర్షన్‌కి కూడా దక్కలేదు. ఆ ముఖమూ ఇంజిన్ చప్పుడూ ఒకే కారులో కావాలనుకునే నాలాంటివాళ్లకి ఇది మింగుడుపడదు.

నల్లగ్రిల్:
రెండోతరం బ్రో, నువ్వు చెప్పినట్టే ఏటవాలు ఫొటోలు, పక్కన 1968దీ పెట్టుకుని ఇప్పటిదాకా చూశాను. ఆ సందు కనబడ్డాక బోసి అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడది ఖాళీగా కాదు, నోరు మూసుకుని సిద్ధంగా ఉన్నట్టు అనిపిస్తోంది. కానీ వీల్‌బేస్ గారూ, మీరు ఆ నల్ల అంచు గురించి చెప్పాక నా కళ్లు దాని మీదే పడుతున్నాయి, నాకు నచ్చిన పక్క భాగం మీద ఇప్పుడు డౌట్ మొదలైంది. ఇంకో సంగతి, 1968లో వెనక ఉన్న ఆ జంట గుండ్రటి లైట్లు మాత్రం దీనికి కూడా పెట్టాల్సింది, ఈ పొడుగు లైటు వాటి ముందు నిలవదు.