అప్‌డేట్: కొత్త .308 కేసుల్లో బుల్లెట్ గీరుకుపోయే సమస్య తీరింది

నేను అడిగింది ఇదీ: కొత్తగా కొన్న .308 వించెస్టర్ (ఒక రైఫిల్ తూటా రకం) ఇత్తడి కేసుల్లో, అంటే మందు నింపి బుల్లెట్ బిగించే ఖాళీ గొట్టాల్లో, బుల్లెట్ కూర్చోబెడుతుంటే కొన్ని బుల్లెట్ల మీది రాగి సన్నటి పొరలా లేచిపోతోంది, ఒక్కో కేసుకు ఒక్కో రకంగా బలం పడుతోంది. సమాధానాలు ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

కారణం కేసు మూతి. ఫ్యాక్టరీలో కోసిన అంచు లోపలివైపు పదునుగానే ఉంది. పైగా కేసులు ప్రయాణంలో ఒకదానికొకటి తగిలి కొన్ని మూతులు సొట్టపడ్డాయి. ముందు సైజింగ్ డై (కేసును సరైన కొలతకు నొక్కే అచ్చు), తర్వాత నెక్‌లోకి, అంటే బుల్లెట్‌ను పట్టే సన్నటి మెడలోకి, 0.306 అంగుళాల మాండ్రెల్ (లోపలి కొలత సరిచేసే నున్నటి కడ్డీ) దించమని ఇక్కడ ఒకరు చెప్పారు. అదే పనిచేసింది. బుల్లెట్ 0.308 కాబట్టి 0.002 అంగుళాల పట్టు వస్తుంది. ఇత్తడి కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే. ఆ తర్వాత మూతికి లోపలా బయటా చాంఫర్ చేశాను (పదును అంచును కాస్త ఏటవాలుగా గీకాను). ఇది తేలిగ్గా చేయాలి, ఎక్కువ తిప్పితే అంచు కత్తిలా పలచబడుతుంది. కొత్త నెక్‌లో పేల్చిన కేసుల్లో ఉండే మసి పొర ఉండదు, అందుకే పొడి గ్రాఫైట్ కొద్దిగా రాస్తే బుల్లెట్ చాలా నునుపుగా దిగుతోంది.

సంబంధం లేనివి: నెక్ మీది నీలి మరకలు (అవి అనీలింగ్, అంటే వేడిచేసి ఇత్తడిని మెత్తబరచిన గుర్తులే), ఫ్లాష్ హోల్ (కేసు అడుగున నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం) దగ్గర ఉన్న బర్ (లేచిన లోహపు అంచు). పొడవు కూడా కాదు, అన్నీ 2.015 అంగుళాల గరిష్ఠ హద్దు లోపలే ఉన్నాయి. నాకు అనుమానం ఉన్న సీటింగ్ డైని (బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే అచ్చు) గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చూసి బాగానే ఉందన్నారు.