14 సిస్టమ్‌లకు రిమోట్ డెస్క్‌టాప్: సొంత సర్వరా, లైసెన్సా?

ప్రశ్న: ఆఫీసు హనుమకొండల. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాలల ఎరువుల దుకాణాలు. మొత్తం 14 విండోస్ సిస్టమ్‌లు, అన్నిట్ల ట్యాలీ. దూరంకెళ్లి ఇవి నడిపేటందుకు రస్ట్‌డెస్క్ (ఉచిత రిమోట్ సాఫ్ట్‌వేర్) సర్వర్ సొంతంగ పెట్టుకోవాల్నా, ఎనీడెస్క్ (గసోంటిదే, పైసలు కట్టేది) లైసెన్సు కొనాల్నా?

జవాబు 1: అన్నా, రస్ట్‌డెస్క్ పెట్టాలంటె ముందుగాల ఆఫీసు రౌటర్ల వాన్ ఐపీ (ఇంటర్నెట్ దిక్కు అడ్రస్) చూడు. 100.64 నుంచి 100.127 మధ్యల ఉంటే సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఐపీని చానమందికి పంచుడు) కిందున్నట్టే, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను రౌటర్ లోపలి సర్వర్‌కు పంపుడు) నడవదు. స్టాటిక్ (మారని) ఐపీ తీస్కో, లేకుంటె చిన్న వీపీఎస్ (కిరాయికి దొరికే ఆన్‌లైన్ సర్వర్) పెట్టు. దుకాణాల దిక్కు సీజీనాట్ ఉన్నా ఫికర్ లేదు, రిలే (నడుమ డేటా అందించే సర్వర్) మీదికెళ్లి కలుస్తది.
రస్ట్‌డెస్క్ సర్వర్ల హెచ్‌బీబీఎస్ (ఐడీలు చూసే ప్రోగ్రామ్), హెచ్‌బీబీఆర్ (రిలే ప్రోగ్రామ్) రెండూ నడవాలె. టీసీపీ పోర్ట్‌లు 21115, 21116, 21117 తెరువు. యూడీపీ 21116 గుడ తెరవాలె; చానమంది గిదే మర్చిపోతరు, అప్పుడు ఐడీ రిజిస్టర్ కాదు. సర్వర్ చేసిన పబ్లిక్ కీ (సర్వర్‌ను గుర్తుపట్టే కోడ్) ప్రతి సిస్టమ్‌ల రస్ట్‌డెస్క్‌ల పెట్టు. కీ ఫైళ్ల బ్యాకప్ వేరే కాడ దాచు. అవి పోతే 14 సిస్టమ్‌లల్ల మళ్ల కొత్త కీ పెట్టుడే.

జవాబు 2: లినక్స్ తెలిసిన మనిషి మీ దగ్గర లేకుంటె లైసెన్సే కొనండి. సర్వర్‌కు అప్‌డేట్లు, ఫైర్‌వాల్ ఎవరో ఒకరు చూస్కోవాలె. ఉచిత రస్ట్‌డెస్క్ సర్వర్ల అడ్రస్ బుక్ (సిస్టమ్‌ల లిస్టు) గుడ రాదు, అది పైసలు కట్టే ప్రో వెర్షన్‌లనే. కొనేముందు ఒకేసారి ఎన్ని సెషన్లు (కనెక్షన్లు) తెరవొచ్చో అడగండి, ధర తేడా అక్కడనే.

జవాబు 3: ఏది పెట్టినా విండోస్ సర్వీసు (వెనుక ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్) లెక్క ఇన్‌స్టాల్ చెయ్యండి. ఉత్తగ రన్ చేస్తే అడ్మిన్ పర్మిషన్ బాక్సు కాడ ఆగిపోతది, రీస్టార్ట్ అయినంక లాగిన్ స్క్రీన్ దొరకదు. కరెంటు పోయి వస్తే సిస్టమ్ దానంతటదే లేవాలంటె బయోస్‌ల ఏసీ పవర్ లాస్ ఆప్షన్‌ను పవర్ ఆన్‌కు మార్చండి.