ఆకురాయి పొడి ముందే ఎందుకు కరగదు?

ఆచారి వీధి అమ్మాయి:
నెల్లూరు ఆచారి వీధిలో మా నాయనది కంసాలి పని. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. బంగారం కరిగేది 1,064 డిగ్రీలకి గానీ, రేణువు బాగా చిన్నదైతే వందల డిగ్రీలు ముందే కరిగిపోద్దని క్లాసులో చెప్పారు. ఇంటికొచ్చి చెప్తే నాయన నవ్వాడు. "ఆకురాయితో రాకితే రాలే బంగారం పొడికంటే చిన్నదేముందే? అది ముక్కకంటే ముందు కరిగింది యాడ? ఇంకా మొండికేస్తది. మంటకి ఎగిరిపోద్దని కాగితంలో పొట్లం కట్టి, వెలిగారం వేసి మూసలో పెడతన్నా గదా ముప్పై ఏళ్లుగా" అన్నాడు. నోరెత్తలేకపోయా. తప్పు ఎవరిది?

కందుకూరు మేష్టారు:
ఇద్దరిదీ కాదమ్మా. తిరకాసంతా "చిన్నది" అనే మాటలోనే ఉంది. మీ నాయన పొడిలో ఒక రవ్వ 50 మైక్రాన్లు అనుకో, అంటే 50,000 నానోమీటర్లు. మీ సార్ చెప్పింది 5 నానోమీటర్ల లోపు సంగతి. వ్యాసం పెరిగేకొద్దీ, కరిగే డిగ్రీల్లో ఆ తగ్గుదల అదే లెక్కన పడిపోతుంది. ఆ రవ్వకి డిగ్రీలో పదోవంతు కూడా తగ్గదు.

కారణం పైపొర. 55 పరమాణువుల గుత్తిలో 42 బయటే ఉంటాయి, వాటిని పట్టుకునే పొరుగువాళ్లు తక్కువ. ఘనం ఉపరితలానికి ద్రవం కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఒళ్లంతా ఉపరితలమే అయినప్పుడు కరిగిపోవడమే చవక. పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త 1909లోనే దీనికి లెక్క కట్టాడు. 1954లో టకాగి సీసం, తగరం, బిస్మత్ పలచటి పొరల్లో కళ్లకు కట్టినట్టు చూపాడు. బంగారం రేణువుల్ని 1976లో బుఫా, బోరెల్ కొలిచారు.

పొడి మొండికేయడానికి కారణం వేరు: రవ్వల మధ్య గాలి ఉంటే వేడి సరిగా పాకదు.

ఒంగోలు పిల్లోడు:
ఒక జాగ్రత్త అక్కా. నానో వెండి పేస్టు 250 డిగ్రీలకే అతుక్కుంటే (వెండి కరిగేది 962కి) కరిగిందనుకుని రికార్డులో రాసి తిట్లు తిన్నా. అది సింటరింగ్, పరమాణువులు పైపైన జరిగి రేణువుల మధ్య మెడలు కడతాయంతే. ఇంకోటి, చిన్నదైతే ముందే కరగాలనే రూలూ లేదు. 10 నుంచి 30 పరమాణువుల తగరం గుత్తులు, తగరం కరిగే 232 దాటి కనీసం 50 డిగ్రీల దాకా ఘనంగానే నిలబడ్డాయి.

ఆచారి వీధి అమ్మాయి:
నాయనకి చదివి వినిపించా. "మరి టంకం ముందే కరగతది గదా, దాంట్లోనూ చిన్న రవ్వలేనా?" అన్నాడు. దానికి మాత్రం టక్కున చెప్పా, రాగి, వెండి కలిపినందుకని. "నాకు తెలీకనా? నీకు తెలుసో లేదో చూశా" అని మూస అందుకున్నాడు.