365 ఓట్లతో నెగ్గిన బిల్లు చట్టం ఎందుకు కాలేదు? అమెరికా వ్యవస్థపై ఒక సందేహం

కృష్ణాతీరం (ప్రశ్న):

మా అమ్మాయి, అల్లుడు చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నారు. 2014లో అల్లుడి పేరు మీద వేసిన గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇప్పటికీ వరుసలోనే ఉంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఏడు శాతానికి మించి దక్కరాదన్న నిబంధనే ఈ ఆలస్యానికి మూలమని వారు చెబుతారు. ఉద్యోగాల కోటాలో ఆ పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365 - 65 ఓట్లతో నెగ్గినప్పుడు మా ఇంట్లో మిఠాయిలు పంచుకున్నాం. మరుసటి ఏడాది డిసెంబరులో సెనేట్ కూడా ఆమోదించిందని విన్నాం. అయినా అది చట్టం కాలేదు.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి మన చట్టసభల తీరు కొంత తెలుసు. రెండు సభలూ ఒప్పుకున్న బిల్లు మురిగిపోవడం ఎలా సాధ్యమో మాత్రం నాకు అంతుపట్టడం లేదు. అసలు అక్కడ ప్రభుత్వం అంటే ఎవరు, అధికార పక్షం అని ఎవరిని అనాలి? తెలిసినవారు ఓపికగా వివరించగలరు.

పాతపాఠం (జవాబు):

కృష్ణాతీరం గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. మనం వాడే అర్థంలో ‘అధికార పక్షం’ అన్న మాట అమెరికాకు అతకదు. మన దేశంలో లోక్‌సభలో ఎవరికి బలం ఉంటే వారే మంత్రివర్గాన్ని ఏర్పాటు చేస్తారు, ఆ బలం పోయిన రోజున దిగిపోతారు; కనుక ప్రభుత్వ బిల్లు లోక్‌సభలో ఓడడం దాదాపు జరగని పని. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు ఈ ముడిని కావాలనే వేయలేదు. అధ్యక్షుణ్ణి నాలుగేళ్ళకూ, ప్రతినిధుల సభలోని 435 మందిని రెండేళ్ళకూ, సెనేట్‌లోని వంద మందిని ఆరేళ్ళకూ వేర్వేరుగా ఎన్నుకుంటారు. సెనేట్‌లోనూ అందరికీ ఒకేసారి ఎన్నిక రాదు, రెండేళ్ళకోసారి మూడో వంతు మందికే వస్తుంది. అధ్యక్షుడి మంత్రివర్గంలో ఉన్నవారు కాంగ్రెస్ (ఈ రెండు సభలూ కలిసిన చట్టసభ) సభ్యులుగా కొనసాగడానికి వీల్లేదు. మీరు చెప్పిన 2019లో అధ్యక్ష పదవి, సెనేట్ రిపబ్లికన్ల చేతిలో, ప్రతినిధుల సభ డెమొక్రాట్ల చేతిలో ఉన్నాయి. అప్పుడు అధికార పక్షం ఎవరంటే ఏమని చెప్పగలం?

దీనివల్ల మనవాళ్ళు సులభంగా గమనించని పర్యవసానం ఒకటి ఉంది. అక్కడ అవిశ్వాస తీర్మానం లేదు, బిల్లు ఓడిపోయినా అధ్యక్షుడు పదవి వదలనక్కరలేదు, సభలను రద్దు చేసే అధికారం ఆయనకూ లేదు. అభిశంసన ఉన్నది నేరాలకే గాని బలం లేకపోవడానికి కాదు. ఒకరిని దింపే భయం మరొకరికి చూపలేనప్పుడు సర్దుకుపోవలసిన అవసరం కూడా తగ్గిపోతుంది. సొంత పార్టీ సభ్యులనైనా కట్టడి చేయగలరా అంటే అదీ కష్టమే. మనకు 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉండడం వల్ల విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. అమెరికాలో అలా కాదు: 2017 జూలైలో, ఒబామా కాలపు ఆరోగ్య బీమా చట్టంలోని కీలక భాగాలను రద్దు చేసే బిల్లుకు సెనేట్‌లో ఓటింగ్ జరిగినప్పుడు రిపబ్లికన్లకు 52 మంది ఉన్నారు. వారిలో ముగ్గురు ఎదురు తిరగడంతో బిల్లు 49 - 51 ఓట్లతో పోయింది. అర్ధరాత్రి దాటాక ఆ ముగ్గురిలో ఒకరైన జాన్ మెకెయిన్ సభ మధ్యకు వచ్చి బొటనవేలు కిందికి చూపిన దృశ్యాన్ని చాలామంది టీవీలో చూసే ఉంటారు. అలా ఓటు వేసినందుకు ఆ ముగ్గురిలో ఎవరి సభ్యత్వమూ పోలేదు.

ఇక మీ బిల్లు సంగతి. అక్కడ రెండు సభలూ ఒకే వాచకాన్ని, అక్షరం తేడా లేకుండా ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి సంతకానికి వెళుతుంది. ప్రతినిధుల సభ నెగ్గించినదీ, 2020 డిసెంబరు 2న సెనేట్ ఒప్పుకున్నదీ ఒకే వాచకం కాదు. సెనేట్ ప్రతిలో హెచ్-1బి నియామకాలపై కొత్త షరతులు వచ్చాయి, మార్పు అమలుకు వ్యవధి పెరిగింది, చైనా కమ్యూనిస్టు పార్టీతో సంబంధం ఉన్నవారిపై నిషేధం చేరింది. మనకైతే సభల మధ్య పేచీ వస్తే ఉమ్మడి సమావేశం పెట్టే దారి ఉంది. 1961లో వరకట్న నిషేధ బిల్లు అలాగే గట్టెక్కింది. అమెరికాలో అటువంటి ఏర్పాటు లేదు, ఇరువైపులా మాట్లాడుకుని ఒకే వాచకానికి రావలసిందే. ఆ ఒప్పందం కుదరక ముందే 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ రెండేళ్ళ కాలం ముగిసింది, దానితో పాటే పెండింగు బిల్లులన్నీ మురిగిపోయాయి. రెండేళ్ళ కాలంలో పది వేలకు పైగా బిల్లులు ప్రవేశపెడితే చట్టాలయ్యేవి కొన్ని వందలే, మీ బిల్లు మిగతా వేలలో కలిసింది.

డాలస్_నివాసి (జవాబు):

పైన చెప్పినదానికి సెనేట్ గురించి కొంత చేర్చాలి, ఎందుకంటే ఈ బిల్లు ఇరుక్కున్నది ఆ గదిలోనే. ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కూ, నాలుగు కోట్లకు చేరువలో ఉన్న కాలిఫోర్నియాకూ అక్కడ ఇద్దరేసి సభ్యులే. దానికి తోడు ఫిలిబస్టర్ (చర్చను సాగదీసి ఓటింగును అడ్డుకోవడం) ఒకటి ఉంది: చాలా రకాల బిల్లులపై చర్చ ముగించి ఓటింగుకు వెళ్ళాలంటే 51 చాలదు, 60 మంది ఒప్పుకోవాలి. ఇది రాజ్యాంగంలో ఎక్కడా లేదు, సభ తనకు తాను పెట్టుకున్న నియమం. 1917లో మూడింట రెండు వంతుల మెజారిటీతో మొదలుపెట్టి 1975లో 60కి తగ్గించారు. బడ్జెట్‌కు సంబంధించిన కొన్ని బిల్లులకు మినహాయింపు ఉంది, అందుకే 2017 నాటి ఆ ఓటింగులో 51తోనే తేలిపోయింది.

ఈ తతంగమంతా నడపడానికి రోజులు పడుతుంది. అందువల్ల అంతగా పోరాటం లేని బిల్లులను ‘ఏకగ్రీవ సమ్మతి’తో దాటిస్తారు, అంటే సభలో ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగి, ఎవరూ చెప్పకపోతే నెగ్గినట్లు ప్రకటిస్తారు. వంద మందిలో ఒక్కరు లేచి ఉందంటే ఆగిపోతుంది. ఈ బిల్లుకు ఆ అభ్యంతరాలు ఒకరి తరువాత ఒకరుగా రెండు పార్టీల నుంచీ వచ్చాయి. ఒక్కొక్కరిని ఒప్పించడానికి ఒక్కో షరతు చేర్చుకుంటూ పోతే చివరికి సెనేట్ దాటింది వేరే బిల్లు అయింది. వాట్సాప్ బృందాల్లో ఒకరు డెమొక్రాట్లను, ఒకరు రిపబ్లికన్లను తిడుతుంటారు, రెండూ సగం నిజాలే. 2011 నవంబరులో ఇటువంటి బిల్లే ప్రతినిధుల సభలో 389 - 15తో నెగ్గి సెనేట్‌లో నిలిచిపోయింది. అప్పుడు ప్రతినిధుల సభ రిపబ్లికన్లది, సెనేట్ డెమొక్రాట్లది.

అభ్యంతరం చెప్పినవారి వాదన కూడా వినాలి. ఉద్యోగాల కోటాలో ఏడాదికి కేటాయించినవి సుమారు 1,40,000 మాత్రమే, భార్యాభర్తలను, పిల్లలను కూడా అందులోనే లెక్కిస్తారు. మొత్తం పెంచకుండా పరిమితి మాత్రం తీసేస్తే మన వరుస తగ్గినంత మేరా ఇతర దేశాలవారి వరుస పెరుగుతుంది. నేనూ ఆ వరుసలో ఉన్నవాణ్ణే, అయినా ఆ లెక్క తప్పని చెప్పలేను.

కృష్ణాతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి అధ్యక్షుడు రోజుకొక ఉత్తర్వు మీద సంతకం చేస్తున్నట్లు టీవీలో చూస్తుంటాం. ఈ ఏడు శాతాన్ని అలాంటి ఉత్తర్వుతో ఎందుకు మార్చలేరు?

పాతపాఠం:

మార్చలేరు, ఎందుకంటే ఆ పరిమితి 1990లో కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. మీ రెవెన్యూ శాఖ భాషలో చెప్పాలంటే చట్టం వేరు, దాని కింద ప్రభుత్వం ఇచ్చే జీవో వేరు. చట్టం ఇచ్చిన అధికారాన్ని ఎలా వాడాలో చెప్పడానికే అధ్యక్షుడి ఉత్తర్వు పనికొస్తుంది. చట్టాన్ని సాగదీసి చదివినా కోర్టు ఊరుకోదు: విద్యార్థి రుణాలలో సుమారు 40 వేల కోట్ల డాలర్ల మేర మాఫీ చేయడానికి బైడెన్ ప్రభుత్వం 2003 నాటి ఒక చట్టాన్ని ఆధారంగా చూపితే, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 6 - 3 తీర్పుతో కొట్టివేసింది.

చట్టం ఖాళీ వదిలిన చోట మాత్రం కొంత చేయవచ్చు. గ్రీన్‌కార్డు కోసం చాలాకాలంగా వేచి ఉన్న హెచ్-1బి ఉద్యోగుల భార్య లేదా భర్త పనిచేసుకోవచ్చన్న అనుమతి 2015లో అలా ఒక నిబంధన ద్వారా వచ్చినదే. కాని అలా వచ్చినది అలాగే పోవచ్చు. తరువాత వచ్చిన ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది గాని పూర్తి చేయలేదు. కోర్టులో ఏళ్ళ తరబడి సాగిన వ్యాజ్యంలో 2024లో అప్పీలు న్యాయస్థానం ఆ నిబంధనను సమర్థించింది. మీ అమ్మాయి ఉద్యోగం ఆ అనుమతి మీదే ఆధారపడి ఉంటే ఈ తేడా ఆమెకు బాగా తెలిసే ఉంటుంది.

కృష్ణాతీరం:

మీరు ఊహించింది నిజమే, ఆమె ఉద్యోగం దాని మీదే నడుస్తోంది. అనుమతి కార్డు పునరుద్ధరణ ఆలస్యమై ఒకసారి కొన్ని నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

డాలస్_నివాసి:

అటువంటి ఆలస్యం మళ్ళీ వస్తే వారు ఉన్న నియోజకవర్గపు ప్రతినిధుల సభ సభ్యుడి కార్యాలయానికి రాయమని చెప్పండి. ఓటు హక్కు లేకపోయినా ఆ ప్రాంతంలో నివసించేవారి ఫిర్యాదును సాధారణంగా తీసుకుంటారు. దరఖాస్తుదారు సంతకంతో ఒక సమ్మతి పత్రం ఇస్తే, ఫైలు ఎక్కడ ఆగిందని సంబంధిత శాఖను వారి సిబ్బంది అడుగుతారు. కార్డు ఆలస్యానికి అది పనికిరావచ్చు. 2014 నాటి వరుసను మాత్రం వారు ఒక్క రోజు కూడా ముందుకు జరపలేరు.